కొండలు దాటాక వచ్చిన కోడ్

ఫుజైరా కొండల్లో, క్వారీ దగ్గర మా షార్జా బస్సెక్కిన పెద్దాయన, నా ఫోన్లో మోగుతున్న తెలుగు పాట విని, "కిటికీ సీటిస్తారా అమ్మా?" అన్నారు. విసుగ్గానే ఇచ్చాను. ఆయన తన ఫోన్‌ని అద్దానికి ఆనించి పట్టుకున్నారు.

"క్వారీ క్లినిక్‌లో డాక్టర్నమ్మా. క్యాన్సర్ పేషెంటుకి నొప్పి తగ్గడానికి మార్ఫిన్ రాయాలి. ఇదివరకు కాగితం మీద సంతకం పెడితే ఖలాస్. ఇప్పుడు కంప్యూటర్‌లోనే రాయాలి, దానికి ఫోన్‌కి కోడ్ రావాలి. మా దగ్గర సిగ్నలే ఉండదు."

కొండలు దాటగానే కోడ్ వచ్చింది. ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు కొట్టి, ఫుజైరా టౌన్లో ఉన్న పేషెంటు భార్యకి ఫోన్ చేశారు. "ఫార్మసీకి పో తల్లీ, ఇస్తారు."

"షార్జాలో ఎక్కడ దిగుతారు డాక్టరుగారూ?" అన్నాను.

"షార్జాలో నాకేం పని?" అని నవ్వారు. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు దాటారు.

షార్జా వచ్చేదాకా నేను ఆ కిటికీ సీట్లోకి జరగలేదు.