నరాల మాత్ర అని నేను రాసిన కవరు

కరోనా గడిచిన మరుసటి ఏడు ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, నన్ను విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి మార్చారు. నేను పనిచేసింది ఒక ధర్మాసుపత్రిలో, హోదా సీనియర్ ఫార్మసిస్టు. కోవిల్‌పట్టి శాఖలో మందుల గది మొత్తం నా చేతికింద అన్నారు. తీరా వెళ్ళి చూస్తే, చేతికింద ఉన్నది ఒక జూనియరూ, మూడు అల్మారాలూ, తలుపు సరిగా పడని ఒక ఫ్రిజ్జూ. రిటైరు కావడానికి మూడేళ్ళుంది కదా, ఇదీ చూద్దామనుకున్నాను.

ప్రతి బుధవారం విరుదునగర్ నుంచి మానసిక వైద్యురాలు వచ్చేవారు. అందరం ఆవిడను డాక్టరమ్మ అనేవాళ్ళం. ఆవిడ గది ముందున్న బల్లల మీద ఎవరూ కూర్చునేవారు కారు. పక్కనున్న పళ్ళ డాక్టరు బల్లల మీద దవడ పట్టుకుని కూర్చుని, పేరు పిలవగానే చటుక్కున ఇటు దూరేవారు. పిచ్చి మాత్రలు మింగుతున్నారన్న మాట ఊళ్ళో పొక్కితే పనిచేసే ఫ్యాక్టరీలో పక్కన కూర్చోవడానికి కూడా వెనకాడతారు మరి. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. దిగులు తగ్గించే మాత్రల కవరు మీద మనసు అన్న మాట రాయకుండా, తమిళంలో ‘నరంబు మాత్తిరై’ అని రాసేవాణ్ణి. అంటే నరాల మాత్ర. నరాల బలహీనత అంటే ఎవరూ వేలెత్తి చూపరు. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పేరు. మంచి పని చేస్తున్నానని నాలో నేను మురిసిపోయేవాణ్ణి కూడా.

ఓబుళమ్మ ఏళాయిరంపన్నై నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి, బాణసంచా ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే పని. మొదటిసారి ఆమెను చెల్లెలు అళగమ్మ రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. తిండి లేదు, నిద్ర లేదు, చచ్చిపోతే బాగుండునన్న మాట తప్ప నోట ఇంకో మాట లేదు. డాక్టరమ్మ దిగులు మాత్ర ఒకటి, రాత్రి భోజనం తర్వాత వేసుకోమని రాశారు. రెండు నెలలకల్లా మనిషి లేచి కూర్చుంది. మూడో నెలలో పనికి పోయింది. ఏడాదిన్నర పాటు నెలనెలా తనే బస్సెక్కి వచ్చి మాత్రలు తీసుకుని, మాలాగే వాళ్ళింట్లోనూ తెలుగే కాబట్టి ఆ ఇంటి తెలుగులో నాలుగు కబుర్లు చెప్పి వెళ్ళేది.

ఆ తర్వాత మళ్ళీ మొదలైంది. మొదట నిద్ర పోయింది, తర్వాత ఆకలి. పెట్టె కడుతూ కడుతూ చేతులు ఆపేసి గోడ వంక చూస్తూ ఉండిపోతోందని ఫోర్‌మన్ ఆమెను ఇంటికి పంపేశాడు. మందుగుండు మధ్య అలాంటి మనిషిని కూర్చోబెట్టనన్నాడు. అతన్ని తప్పు పట్టలేం.

కొన్నాళ్ళు బాగా పనిచేసిన దిగులు మాత్ర ఉన్నట్టుండి పట్టు తప్పడం మా వృత్తిలో తెలిసిన సంగతే. ఎందుకలా అవుతుందో ఒక బుధవారం టీ తాగుతూ డాక్టరమ్మ నాకు వివరంగా చెప్పారు. ఒక్కోసారి మెదడు మాత్రకు అలవాటు పడిపోతుందంటారు, కానీ అది ఎలా జరుగుతుందో ఎవరికీ పూర్తిగా తెలియదట. ఒక్కోసారి జబ్బే ముదురుతుంది. థైరాయిడ్ మందగించవచ్చు, తాగుడు అలవాటు ఉండవచ్చు, ఇంకో జబ్బుకు వాడే మాత్ర దీని బలాన్ని తగ్గించవచ్చు. అసలు మొదట పేరు పెట్టిన జబ్బే వేరేది కావచ్చు. ఇవన్నీ కాక, రోగి మాత్ర మానేసి ఉండవచ్చు.

డాక్టరమ్మ వీటిలో దేన్నీ వదల్లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ సరిగానే ఉంది. తాగుడు లేదు. రోజూ వేసుకుంటున్నావా అంటే ఒక్క రోజు కూడా తప్పలేదంది. వేరే మాత్రలేమైనా ఉన్నాయా అంటే, నరాల మాత్ర తప్ప ఇంకేమీ లేదంది. మోతాదు ఒకటి నుంచి రెండుకు పెంచారు. ఆరు వారాలు చూశాం. ఓబుళమ్మ ఇంకా చిక్కిపోయింది తప్ప ఫలితం లేదు. మదురై పెద్దాసుపత్రికి పంపి కరెంటు వైద్యం చేయించడం మంచిదని డాక్టరమ్మ నిర్ణయించారు. సరిగ్గా చేస్తే మేలు చేసే వైద్యమే, కానీ ఆ పేరు వినగానే అక్కచెల్లెళ్ళిద్దరూ బావురుమన్నారు. డాక్టరమ్మ లోపల ఉత్తరం రాస్తుండగా, అప్పటిదాకా వాడే మాత్రల కోసం ఓబుళమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

డాక్టరమ్మకు తెలుగు రాదు. ఓబుళమ్మ గదిలో తమిళంలో ఒకటి రెండు మాటలు మాట్లాడి తల దించుకునేది. నా దగ్గర మాత్రం ఇంటి మాట వచ్చేది. ఆ రోజు చెల్లెల్ని కాస్త దూరంగా నిలబెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

“అన్నా, సిగ్గు ఇడిసి అడుగుతా ఉండా. ఈ మాత్తిర తినబట్టి ఒంటికి పోతే మంజ మంజగా పోతాది. రెండు తినబట్టి ఇంకా మంజ. కామాలేమో అని బయంగా ఉండాది.”

మంజ అంటే పసుపు, కామాల అంటే కామెర్లు. దిగులు మాత్రతో మూత్రం ముదురు పసుపు రంగుకు మారదు. బి విటమిన్లతో మారుతుంది. ఫార్మసీ చదువులో మొదటి ఏడాదే నేర్చుకునే సంగతి ఇది.

మాత్ర ఏ రంగులో ఉందని అడిగాను.

“ఎర్రంగా, చింతగింజ మాదిరి ఉండాది కదన్నా. నరంబు మాత్తిర.”

మేమిచ్చేది పెసరబద్దంత తెల్ల మాత్ర. మరి నేనిచ్చినవి ఏమయ్యాయమ్మా అన్నాను.

“అదీ నరంబు మాత్తిరే, ఇదీ నరంబు మాత్తిరే కదా. రెండూ తింటే ఒంట్లో సూడు ఎక్కిపోతాదని ఒగటే తింటా ఉండా. నీది పారేయలేదన్నా, పాల్‌కోవా డబ్బాలో బద్రంగా ఎత్తిపెట్టినా.”

నిదానంగా అడిగితే అంతా బయటికి వచ్చింది. నాలుగు నెలల కిందట అరికాళ్ళు మండుతున్నాయని తాయిల్‌పట్టిలో ఒక డాక్టరుకు చూపించుకుంది. ఆయన విటమిన్ మాత్రలు రాసి, ఇవి నరాల మాత్రలని చెప్పాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, అవి నిజంగా నరాల మాత్రలే. ఇంట్లో ఒకే పేరుతో రెండు రకాలు చేరాయి. ఎర్రవి చూడ్డానికి బలంగా కనిపించాయి, కాళ్ళ మంట కూడా తగ్గింది, అవే ఉంచుకుంది. డాక్టరమ్మ మోతాదు రెట్టింపు చేస్తే ఎర్రవే రెండేసి మింగింది. తెల్లవి ఆపిన మొదటి వారంలో తల తిరిగి, తలలో కరెంటు కొట్టినట్టు అయిందట. సూడు, అంటే వేడి, చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంది.

డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె నిజమే చెప్పింది. అబద్ధం రాసినవాణ్ణి నేను.

పరుగున గదిలోకి వెళ్ళి చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టి ముందు నవ్వేశారు, కళ్ళు తుడుచుకున్నారు. వేసుకుంటున్నావా అని అడిగానే గానీ ఏదీ చూపించు అనలేదే అని తనను తానే తిట్టుకున్నారు. రాసిన ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశారు. మందు ఓడిపోలేదు, అసలు అది నాలుగు నెలలుగా ఒంట్లోకే పోలేదు. నాకైతే పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. బతకాలని లేదంటున్న మనిషి ఇంట్లో అన్ని మాత్రలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఆ సాయంత్రమే అళగమ్మ ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

డాక్టరమ్మ పాత మాత్రనే, పెంచిన మోతాదులో కాకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. కాళ్ళ మాత్ర కూడా మానొద్దన్నారు, రెండూ కలిసి వేసుకోవచ్చని తమిళంలో ఒకసారి, నాచేత తెలుగులో ఒకసారి చెప్పించారు. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి, అళగమ్మ చేతికి అప్పగించాం. మూడో వారంలో ఓబుళమ్మకు నిద్ర పట్టింది. రెండో నెల దాటాక తనే బస్సు దిగి వచ్చింది. ఫోర్‌మన్ రమ్మన్నాడని చెప్పింది.

ఆ రోజు కవరు తీసి, దీని మీద ఏం రాయమంటావని ఆమెనే అడిగాను. ఓబుళమ్మ ఆలోచించనే లేదు.

“తెల్లది ఏడుపు మాత్తిర. ఎర్రది మంట మాత్తిర. అట్నే రాయన్నా, ఈసారి మర్సిపోను.”

వరుసలో అందరికీ వినపడేట్టు చెప్పింది. నేను అలాగే తమిళ అక్షరాల్లో రాశాను. ఆమె వెనక నిలబడ్డ ఆడమనిషి ఏడాదిగా నా దగ్గర నరాల మాత్రలు తీసుకుంటోంది. తన కవరు ముందుకు జరిపి, తనదీ ఏడుపు మాత్రేనా అని మెల్లగా అడిగింది. అవునన్నాను. అయితే తనకూ అదే రాయమంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా రెండు పనులు మానలేదు. మందు పనిచేయడం లేదని ఎవరన్నా సరే, మింగుతున్న మాత్రను నా కిటికీ దగ్గర పెట్టించి కళ్ళతో చూసేవాణ్ణి. కవరు మీద పేరు మాత్రం రోగి చెప్పాకే రాసేవాణ్ణి.