తమ్ముడి బొమ్మలు, నా సాక్ష్యం

మచిలీపట్నంలో మా రొయ్యల మేత కంపెనీ ల్యాబు నుంచి ముగ్గురిని పది రోజుల ట్రైనింగుకు బ్యాంకాక్ పంపించారు. మధ్యలో ఒక ఆదివారం సెలవొచ్చింది. మిగతా ఇద్దరూ చొక్కాలు కొనుక్కోవడానికి పోయారు. ముప్పై నాలుగేళ్ళ దాన్ని, నేను మాత్రం టికెట్టు తీసుకుని, జపాను కార్టూన్ల అభిమానులు వేషాలు వేసుకుని చేరే యానిమే కన్వెన్షన్‌కి వెళ్ళాను. ఊహ తెలిశాక ఆదివారం చర్చిలో ఆరాధన మానడం నాకు అదే మొదటిసారి.

దానికి కారణం హోటల్ లిఫ్టులో అంటించిన పోస్టరు. అందులో ఇంతింత కళ్ళు, ముళ్ళలా నిక్కబొడుచుకున్న జుట్టు. అలాంటి బొమ్మలు మా తమ్ముడు గీసేవాడు. వాటిని కాల్చింది నేను.

మాది అవనిగడ్డ దగ్గర పల్లె. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. బయట ఆయన మాట, ఇంట్లో నా మాట చెల్లేవి. తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాడు పదో తరగతి లెక్కల్లో తప్పిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు వాడి ట్రంకు పెట్టె వెతికితే ఐదు లాంగ్ నోటు పుస్తకాలు దొరికాయి. ముందు నుంచి లెక్కలు, వెనక నుంచి బొమ్మలు. కొమ్ములవాడు ఒకడు పేజీ పేజీకీ ఉన్నాడు. వాడి కళ్ళు ఎర్ర పెన్నుతో దిద్ది ఉన్నాయి. ఎక్కడ చూసినా ఏదో ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఇదెవర్రా?” అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడం నాకు చేతకాదు, తేల్చెయ్యడమే వచ్చు. ఐదు పుస్తకాలూ పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టాను. వాడు బోరింగు దగ్గర నిలబడి చూశాడు. ఎదురు చెప్పలేదు కాబట్టి బుద్ధొచ్చిందనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్తారు. ఆ ఆదివారం నేను లేచాను. మా తమ్ముణ్ణి దురాత్మ పట్టిందనీ, వాడి చేత దెయ్యాల బొమ్మలు గీయించిందనీ, వాటిని కాల్చాక ప్రభువు వాణ్ణి విడిపించాడనీ చెప్పాను. హల్లెలూయాలతో మందిరం మారుమోగింది. వాడు మగవాళ్ళ వైపు చాప మీద తలొంచుకుని కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గేటు దగ్గర నన్ను ఆపారు. “పిల్లలు బొమ్మలు గీస్తారమ్మా. దానికి అంత మాటెందుకు?” అన్నారు. ఆయనకి విశ్వాసం చాల్లేదనుకున్నాను. అంత పొగరు నాకు.

తమ్ముడు సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు గుడివాడలో ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటర్ మీద పెళ్ళివాళ్ళ ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు కత్తిరించి అతికిస్తాడు. నాతో మాట్లాడ్డం మానలేదు. నేనొస్తే బండి మీద బస్టాండుకి దింపుతాడు. గీయడం మాత్రం మానేశాడు. నా మీద కోపంతోనే మానేశాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ కోపం ఎలాగైనా పోగొట్టి, వాడి చేత మళ్ళీ పెన్సిలు పట్టించాలని ఆ రోజు కన్వెన్షన్‌కి బయల్దేరాను.

హాలులో ఇసుక వేస్తే రాలని జనం. విగ్గులు, థర్మోకోలు కత్తులు, తోకలు. కోరలు పెట్టుకున్న పిల్లాడొకడు నా కాలు తొక్కి, వంగి వంగి మూడుసార్లు క్షమించమన్నాడు. దెయ్యాలకి ఇంత మర్యాద ఉంటుందని మా సంఘంలో ఎవరికీ తెలీదు. ఒక పెద్దాయన కూతురి అట్టరెక్కలు జనంలో నలిగిపోకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఆ పిల్ల వెనకాలే నడుస్తున్నాడు. చూసి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద నాకే.

లోపలి వైపు బొమ్మలు గీసేవాళ్ళు వరసగా బల్లలు వేసుకుని కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతి ఊదారంగు విగ్గు సర్దుకుంటూ అలాంటి కొమ్ములవాణ్ణే గీస్తోంది. వాడి వెనక ఒక గుమ్మం, లోపల నిద్రపోతున్న చంటిపిల్ల. నా ఇంగ్లీషూ ఆ పిల్ల ఇంగ్లీషూ అంతంత మాత్రమే. ఇది దెయ్యమా అని అడిగాను. గట్టిగా తల అడ్డంగా ఊపింది. మంచివాడట. రాత్రంతా ఆ ఇంటికి కాపలా ఉంటాడట.

అక్కడే నిలబడి తమ్ముడికి వీడియో కాల్ చేశాను. అక్కడ ఒకటిన్నర అయ్యుంటుంది. వాడు ఆరాధన నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

కెమెరా ఆ బొమ్మ వైపు తిప్పగానే ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. “ఇంకొంచెం కిందకి చూపించక్కా. ఆ చెయ్యి... చేతులు గీయడం చాలా కష్టం. భలే గీసింది!”

పదేళ్ళ తర్వాత వాడి గొంతులో ఆ హుషారు విన్నాను. ప్రాణం లేచొచ్చింది.

“నీకు మంచి పెన్సిళ్ళు, కాయితాలు కొంటున్నాను. మళ్ళీ గియ్యరా.”

“వద్దక్కా.”

“తప్పు చేశానురా. ఆ పుస్తకాలు కాల్చకుండా ఉండాల్సింది. నన్ను తిట్టు, కానీ గియ్యి.”

“పుస్తకాలదేముందక్కా, కావాలంటే మళ్ళీ గీసుకునేవాణ్ణి.” అన్నం కెలుకుతూ అన్నాడు. “నాలో దెయ్యం ఉందన్నావుగా. నేను నమ్మాను. ఇప్పటికీ పెన్సిలు పట్టుకుంటే, గీసేది నేనేనా అని భయమేస్తుంది.”

“అదంతా అబద్ధంరా,” అన్నాను. “ఆ రోజు నోటికొచ్చింది వాగాను. నీలో ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.”

వాడు కంచం పక్కకి జరిపాడు.

“అబద్ధమైతే మరి అంతలా ఎందుకు ఏడ్చావక్కా?” అన్నాడు.

నిజమే. ఆ రోజు మైకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. వాడికి దెయ్యం పట్టిందని మనస్ఫూర్తిగా నమ్మే ఏడ్చాను.