మల్లేశం ఇంటి వంకాయ మడి

మొన్న గుమ్మడిదల మీదుగా బస్సులో వస్తుంటే కిటికీలోంచి గుప్పున మందు వాసన కొట్టింది. ఈ దారిలో ఫ్యాక్టరీల వాసన అందరికీ అలవాటే, కానీ ఇది అది కాదు. తోటలకు కొట్టే పురుగుమందు. పక్కసీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనేమో ఏ తోటలో కొడుతున్నారా, ఏం పంటకు కొడుతున్నారా అని మెడ సాచి వెతుకుతున్నాను. ఈ పాడు అలవాటు నాకు వీరభద్రరావు గారు అంటించి పోయారు.

ఆయన నా మొదటి బాస్. గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టు తీసుకున్నారు. డిగ్రీ కాగానే నేను అక్కడ సరుకులు చూసుకునే పనిలో చేరాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. దేన్ని చూసినా ప్రశ్నే. చిన్నప్పుడు టమాటాలు సంచిలో ఇల్లు చేరేలోపే చితికిపోయేవట, ఇప్పుడివి వారమైనా రాళ్ళలా ఎందుకున్నాయని అడిగేవారు. కోడి ఇంత తొందరగా కూరకెలా వచ్చేస్తోందని కోళ్ళ వ్యాన్ డ్రైవర్ని పట్టుకుని ప్రాణం తీసేవారు. ఆ అడగడంలో కోపం ఉండేది కాదు. ఉత్త సరదా.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. కూరగాయలు తెచ్చిన రైతు, ఆ పూట వాటితో వండిన భోజనం మా దగ్గరే చేసి వెళ్ళాలి. మర్యాద కోసం పెట్టారు, మర్యాదకే అందరూ తినేవారు. గుమ్మడిదల వైపు నుంచి వంకాయలు తెచ్చే మల్లేశం ఒక్కడే తప్పించుకునేవాడు. అతని వంకాయలు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. ఒకరోజు ఒక్కపొద్దు అనేవాడు, ఇంకోరోజు కడుపు బాగాలేదనేవాడు. చివరికి ఒకనాడు వీరభద్రరావు గారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మా వంట నచ్చలేదా అని మెల్లగా అడిగారు.

"వంట మంచిగనే ఉంటది సార్. మొన్ననే మందు కొట్టిన. మా ఇంటికి వేరే మడి ఉన్నది" అన్నాడు మల్లేశం.

నాకు ఒళ్ళు మండిపోయింది. వందల మందికి పెట్టేది తను తినడా? ఆయనకు మాత్రం కళ్ళు మెరిశాయి. "ఆ మడి మాకు చూపిస్తావా?" అన్నారు.

ఆ ఆదివారమే వెళ్ళాం. అమ్మకానికి వేసిన తోట ఒక్క పుచ్చు లేకుండా వరసలు తీరి ఉంది. ఇంటి వెనక చిన్న మడిలో మాత్రం ఆకులన్నీ జల్లెడ, కాయలకు చిల్లులు, మధ్యలో బంతి మొక్కలు. ఆయన గొంతుక్కూర్చుని ఒక్కో కాయనూ తిప్పితిప్పి చూశారు, వాసన చూశారు. ఇవి అమ్ముతారా అంటే, అవి పిల్లలకని మల్లేశం భార్య లోపలికి వెళ్ళిపోయింది. మరి తోటంతా ఇలాగే ఎందుకు పండించవని ఆయన అడిగారు.

"పోయిన యేడు గట్లనే పండించిన గద సార్. పుచ్చులున్నయని గంపలకు గంపలు వాపస్ పంపింది మీరే."

నిజమే. ఒక్క పుచ్చు కనబడినా గంప తిప్పి పంపమని ఆయనే చెప్పారు.

మర్నాడే మల్లేశానికి కబురు పెట్టారు. కొంత నేలలో మందు కొట్టకుండా పండించు, ఎలా ఉన్నా తీసుకుంటాం అని. ఆ కాయలు వచ్చాక తరిగే ఆడవాళ్ళు ఒక్కోటీ చీల్చి చూడాల్సి వచ్చి సణిగారు. అయినా తరిగారు. మల్లేశం మొదటిసారి మా బెంచీ మీద కూర్చుని తిని, మారు వడ్డించమన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక వర్కర్ పళ్ళెంలో పురుగు వచ్చింది. ఇంకోసారి వస్తే క్యాంటీన్ వేరేవాళ్ళకిస్తామని ఆఫీసులో చెప్పేశారు. వంటవాళ్ళు, తరిగేవాళ్ళు, నేను, అందరి బతుకూ దానిమీదే. ఆయన ఆ సాయంత్రం మల్లేశాన్ని పిలిచి మళ్ళీ మందు కొట్టుకోమన్నారు. నాకు ముందే ఎరుక సార్ అన్నాడతను, కోపం లేకుండా.

ఆ తర్వాత ఏ రైతునూ ఆయన తినమనలేదు. అప్పటిదాకా బీపీ మనిషని ఆయనకు ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. అది మానిపించి, వర్కర్లతోపాటు ఆ నిగనిగలాడే వంకాయ కూరే పెట్టించుకున్నారు. వద్దు సార్ అని బతిమాలాను.

"మనకి వేరే మడి ఉండకూడదమ్మా. ఉంటే ఇక అడగడం మానేస్తాం" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. రుద్రారంలో హాస్టల్ పిల్లలకు నేనిప్పుడు మెస్ నడుపుతున్నాను. కూరగాయలు ఏ ఊరివి, మందు ఎప్పుడు కొట్టారు అని అడగందే గంప దించనివ్వను. రైతులు నవ్వుకుంటారు. నిజం చెబుతారో లేదో నాకు తెలియదు. మా అమ్మాయి ఆ పిల్లల పక్కన కూర్చుని అదే కూర తింటుంది. దానికని వేరే గిన్నె పెట్టలేదు. పెట్టాలనిపించని రోజు మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు.