మామ్మకు చూపించిన చుక్క

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా పక్కవీధి వాళ్ల పెళ్లి వీడియోలో, ముహూర్తానికి ముందు, మా మామ్మ ఆకాశానికి హారతి ఇస్తూ కనబడుతుంది. ఆ ఘనకార్యం వెనక ఉన్నది నేనే.

మామ్మకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. "కొత్త కళ్లతో ఏం చూస్తావు మామ్మా?" అంటే, "ఇంతవరకూ చూడనిదేదైనా చూపించవే" అంది. నలుగురిలో నోరు విప్పలేని నేను మామ్మ ముందు మాత్రం మహా పండితురాలిని. "ఆకాశంలో ఓ ఇల్లుంది మామ్మా. అందులో మనుషులుండి భూమి చుట్టూ తిరుగుతుంటారు. ఈ సాయంత్రం మన మీంచే వెళ్తుంది" అని మాటిచ్చేశాను.

సందెవేళ బైనాక్యులర్స్ మెడలో వేసుకుని మేడెక్కాను. వెనకాలే మామ్మ హారతి పళ్లెంతో వచ్చింది.

"అదెందుకు మామ్మా?"

"మన ఊరి మీదుగా వెళ్తుంటే ఉత్తచేతులతో ఎలా నిలబడతామే?"

వాయవ్యం వైపు చూడమంది ఫోను. ఇంతలో వెనక, పక్కవీధి మీద, ఓ వెలుగు లేచింది. గిర్రున తిరిగాను. బైనాక్యులర్స్‌తో కదిలే వస్తువును పట్టుకోవడమంటే తడిచేత్తో కొర్రమీనును పట్టుకోవడమే. దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఎలాగో పట్టాను.

"అదిగో మామ్మా! ఇటు చూడు! మనకేసి కన్ను కొడుతోంది!"

అంతరిక్ష కేంద్రం కన్ను కొట్టదని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. గుయ్‌మన్న మోతను వరిచేలో మోటారనుకున్నానంటే, నా పాండిత్యం మీకు అర్థమయ్యే ఉంటుంది. మామ్మ కర్పూరం వెలిగించింది. హారతికి ముచ్చటపడి కాబోలు, అది నేరుగా వచ్చి మా మేడ మీదే నిలబడింది. నాలుగు రెక్కలు, ఒక కెమెరా. పెళ్లివారి డ్రోను!

"ఏమే, అంతమంది ఇంత దాంట్లో ఎలా పట్టారే?" అంది మామ్మ.

వీడియో వేసిన రోజు పెళ్లివారు మమ్మల్నీ పిలిచారు. "డ్రోనుకు హారతేంటండీ మామ్మగారూ!" అని గదంతా ఒకటే నవ్వులు. నేను సోఫా కింద ఎంత చోటుందో కొలుచుకుంటున్నాను. మామ్మ తొణకలేదు.

"పెళ్లికి దిష్టి తగలకూడదని ఇచ్చానమ్మా. మీకెవరికైనా తోచిందా?"

పెళ్లికూతురి తల్లి కళ్లొత్తుకుని మామ్మ కాళ్లకు దణ్ణం పెట్టింది.

మామ్మ కొత్త కళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చప్పుడు చేసే చుక్కను ఈ జన్మలో మళ్లీ ఎవరికీ చూపించను.

ఇంటికొస్తూ, "అసలుది చూపించలేకపోయాను మామ్మా" అన్నాను. మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేను చూశానుగా! నీ వెనకనించి చడీచప్పుడూ లేకుండా పోయింది. నువ్వంత సంబరంగా చూపిస్తుంటే, అది కాదే అని ఎలా చెప్పనే?"