పై గది మాస్టారి అప్పులు

ఆ రోజుల్లో నాకు దేశం ఆర్థిక పరిస్థితి మొత్తం తెలుసు, పక్కింటివాళ్ళ పేరు మాత్రం తెలియదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి అంతకంటే ఏం తెలుస్తుంది లెండి! వట్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. ఏలూరులో తివాచీలు నేసే సాయిబు గారి మేడ మీద ఒంటి గదిలో కాపురం. అమ్మ పోయాక మా ఊరు తాడేపల్లిగూడెంలో రైలు దిగడానికి నాకు పనేమీ లేకపోయింది. శనివారం కాలేజీ అటెండరుతో "వస్తానండీ" అన్నానంటే మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే అవసరం ఉండేది కాదు. (నోరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఆదివారం పూట నాలో నేనే ఏదో ఒకటి అనుకునేవాణ్ణి.)

అందుకే పాఠం గట్టిగా చెప్పుకోవడం అలవాటైంది. సాయంత్రాలు ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, అందులో నా మొహం చూసుకుంటూ చెప్పేవాణ్ణి. ఆ వారం పాఠం ప్రభుత్వ రుణం. "వచ్చేది చాలడం లేదు. ఖర్చు తగ్గించలేం. పాత అప్పు మీద వడ్డీ కట్టడానికే కొత్త అప్పు చేస్తున్నాం. ఇలా ఎన్నాళ్ళు?" అని గొంతు కాస్త వణికించేవాణ్ణి. అలా వణికిస్తే క్లాసులో పిల్లలు వింటారని నా ఆశ. కిటికీ తీసే ఉండేది.

రెండు మూడు రోజులకే కింద నుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఒకరోజు చేపల పులుసు, ఇంకోరోజు పప్పుచారు. పిన్నిగారు (సాయిబు గారి భార్యను అలాగే పిలిచేవాణ్ణి) స్వయంగా తెచ్చి, "తినండి బాబూ, అన్నీ అవే సర్దుకుంటాయి" అనేవారు. చదువుకున్నవాడికి ఇచ్చే మర్యాద కాబోలనుకుని పొంగిపోయాను. నిజానికి పులుసు కన్నా ఆ ఒక్క మాట కోసమే గుమ్మం దగ్గర కాచుకుని ఉండేవాణ్ణి.

ఓ సాయంత్రం సాయిబు గారే పైకొచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఏవండీ మాస్టారూ, అప్పు మరీ అంత పెరిగిపోయిందాండీ?"

నా సబ్జెక్టు గురించి అడిగిన మొదటి మనిషి! ఆగడం నా తరమా?

"పెరగడం తప్పు కాదండీ, దేనికి పెట్టామన్నదే ముఖ్యం. మండవల్లి వైపు మంచి రోడ్డు వేశామనుకోండి, చేపల లారీలు తొందరగా కదుల్తాయి, రైతుకి నాలుగు డబ్బులొస్తాయి, పన్నుల రూపంలో మనకీ తిరిగొస్తాయి. వడ్డీలకే అప్పు చేస్తే మాత్రం మునిగిపోతామండీ."

"పోనీ, కొన్నాళ్ళు ఖర్చు ఆపుకుంటేనో?"

"ఒక్కసారిగా ఆపేస్తే మన మీద బతికేవాళ్ళంతా ఏమైపోతారండీ? పింఛన్లు ఆపగలమా?"

సాయిబు గారు మెట్టు మీద చతికిలబడ్డారు. "మీరు పింఛన్లు కూడా ఇస్తున్నారాండీ?"

అప్పుడు వెలిగింది నాకు. ఫోన్‌లో అప్పులిచ్చి ఫోన్‌లోనే పరువు తీసేవాళ్ళ చేతికి చిక్కానని, రోజూ వాళ్ళనే బతిమాలుకుంటున్నానని ఇద్దరూ బెంగపెట్టుకున్నారట. ఆ అప్పు నాది కాదు, ప్రభుత్వానిదని చెబితే ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల గుబులు పట్టుకుంది. అప్పు లేదని తేలిపోయాక ఇక ఈ మెట్లెక్కి నాతో మాట్లాడేదెవరు?

నవ్వు విని పైకొచ్చిన పిన్నిగారు సంగతంతా విన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"అప్పులోళ్ళ భయంతోనే ఎవర్నీ రానివ్వట్లేదనుకున్నాం బాబూ. అప్పుల్లేకపోతే మరి మీ గదికి ఎవరూ రారేంటండీ?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. "రేపట్నించి గిన్నె పైకి పంపను. మీరే కిందకి దిగి రండి" అనేసి వెళ్ళిపోయారు.

దిగాను. మర్నాడు వాళ్ళ మధ్య కూర్చుని ఎంతసేపు వాగానో! పాపం, సాయిబు గారు రాష్ట్రం అప్పూ కేంద్రం అప్పూ రెండూ వినాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కుర్ర మాస్టార్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నోరు మూసుకుని అన్నం తినరా అని ఎవరైనా కసిరి ఉండాల్సింది. దానికి కూడా వాడు సంతోషించి ఉండేవాడు.