గుడి పిడికెడు

అనకాపల్లిలో బెల్లం వండే కృపానిధి భార్య సువార్త ఎసట్లో బియ్యం పోసేముందు, చర్చికని ఓ 'గుడి పిడికెడు' తీసి చిన్న కుండలో వేస్తుంది. చిన్నప్పుడు మిషను దొరసాని నేర్పిన అలవాటు. ఒళ్లు కాలిపోతున్నా తప్పదు. ఓ శనివారం మొగుడితో మాటా మాటా పెరిగి, "ఈయేల వంట సెయ్యను" అని గోడవైపు తిరిగి పడుకుంది. కృపానిధి గొంతు సవరించుకుని, కాయలు కాసిన చేటంత చేత్తో పిడికెడు బియ్యం తీసి కుండలో పోశాడు. గింజల చప్పుడుకి సువార్త దిగ్గున లేచింది.

"ఎసరెట్టకుండా దేవుడి పిడికెడు తీత్తావేటి?"

"తీసీసేను. ఇప్పుడు వండకపోతే దేవుడికి అబద్ధమాడినట్టు కాదేటి?"

ఆమె నవ్వు మింగేసి బియ్యం బాన దగ్గరికి నడిచింది. "అది నీ పిడికెడు. నాది నేనేత్తాను" అంటూ తనదీ వేసి, పొయ్యి ఊదింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో పోట్లాట జరిగిన ప్రతి పూటా చర్చికి రెండు పిడికిళ్లు ముడుతున్నాయి.