ఆకుతోటలో సిమెంటు స్తంభాలు

అవిసె చెట్లంటే నాకు విసుగొచ్చిన మాట నిజం. తమలపాకు తీగ ఊరికే పెరగదు. ముందు అవిసె గింజలు వేసి, మొక్కలు మనిషెత్తు అయ్యాక వాటి మొదట్లో తీగ నాటి, అది పాకేకొద్దీ జమ్ము గడ్డితో చెట్టుకు కట్టుకుంటూ పోవాలి. నీడ ఎక్కువైతే కొమ్మలు కొట్టాలి. ఇంత చేసినా అవిసె పట్టుమని నాలుగైదేళ్ళు నిలబడదు. మెత్తటి కర్ర కదా, గట్టి గాలివాన వస్తే తీగతో సహా పడిపోతుంది. మళ్ళీ గింజలు, మళ్ళీ మొక్కలు. ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. కిందటేడు గాలివానకు సగం తోట ఒరిగిపోయినప్పుడు బురదలో నిలబడి, ఇక నావల్ల కాదనుకున్నాను.

కొవ్వూరు దగ్గర మాకున్నది అరెకరం లోపే. అందులో తీగ మా ఆవిడ పుట్టింటిది. పెళ్ళయిన ఏడాది మా మామగారు తన తోటలో తీగ ముక్కలు కోసి, తడిగోనెలో చుట్టి, ఆత్రేయపురం నుంచి స్వయంగా మోసుకొచ్చి ఇచ్చారు. ఆ తోట ఇప్పుడు లేదు, ఇళ్ళ స్థలాలైపోయింది. ఆయన తీగ మిగిలింది మా దగ్గరే. ఆకు కోసేదీ ఆవిడే. బొటనవేలికి ఇనుప గోరు తొడుక్కుని టిక్కుటిక్కుమని తెంపుతుంటే, పక్కన నిలబడి నేనేం మాట్లాడినా వినిపించుకునేది కాదు.

మిగిలిన చెట్లు కూడా కొట్టించి సిమెంటు స్తంభాలు పాతిద్దాం, పైన నీడకు గ్రీన్ నెట్ వేద్దాం అన్నప్పుడు మాత్రం విన్నది.

"మరి గేదెకి మేతండి?" అంది. కొట్టిన అవిసె కొమ్మల ఆకే దాని తిండి.

"ఎండుగడ్డి తింటుందిలే."

"ఏమోనండి. మీ ఓపిక మీకు తెలుసు. ఆ మూల చెట్టొక్కటి ఉంచండి, పువ్వు కూరకి."

స్తంభాలు పాతేవాళ్ళు బూట్లతో లోపలికి వచ్చేశారు. ఆకుతోటలోకి మేమెవరమూ చెప్పులతో అడుగు పెట్టం. ఆవిడ గట్టు మీద నిలబడి చూసింది. బూట్లు విప్పమనాల్సింది నేను. పని తొందరగా అయిపోతే చాలని నోరు మూసుకున్నాను.

స్తంభాలకు కట్టిన తీగ చలికాలమంతా పచ్చగానే ఉంది. నేను కనపడ్డవాళ్ళందరికీ గొప్పలు చెప్పుకున్నాను. ఎండలు ముదిరాక తెలిసొచ్చింది. చెట్టు బెరడును తీగ తన వేళ్ళతో పట్టుకుంటుంది. సిమెంటును పట్టుకోలేదు, పైగా అది పెనంలా కాలేది. ఒకరోజు ఈదురుగాలికి నెట్ లేచిపోయి పక్కాయన కొబ్బరిచెట్టుకు చుట్టుకుంది. "ఏవండోయ్, మీ తోట మా చెట్టెక్కిందండి!" అని ఆయన కేకేశాడు. నవ్వొచ్చే మాటే, నాకు నవ్వు రాలేదు. అవిసె ఆకు రాలి ఎప్పుడూ మెత్తగా, చల్లగా ఉండే నేల బీటలు వారింది. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పెట్టినా తాగేసి మళ్ళీ నోరు తెరిచేది. అవిసె పువ్వుల కోసం తోటంతా తిరిగే తేనెపిట్టలు ఎప్పుడు మానేశాయో కూడా నేను గమనించలేదు. వేసవి చివరికి స్తంభాల మీద తాళ్ళలా ఎండిన తీగలే మిగిలాయి.

"మీ నాన్నగారి తీగ పోగొట్టేశాను," అన్నాను ఆవిడతో.

ఆవిడ నన్ను మూల చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. దాని మొదట్లోంచి మూడు తీగలు నా భుజం దాకా పాకి ఉన్నాయి. జమ్ము కట్లు ఆవిడవే.

"స్తంభాలు పాతిన రోజే పెట్టానండి. చెప్తే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

సంతోషం తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది.

తొలకరికి మళ్ళీ అవిసె గింజలు వేశాం. వంగి వేస్తుంటే మోకాళ్ళు రెండూ అరిచాయి. స్తంభాలు పీకించే ఓపిక లేక కొన్ని అలాగే వదిలేశాం. ఒకదానికి గేదె వీపు గోక్కుంటుంది, వాటివల్ల సుఖపడింది అదొక్కటే. మొక్కలు ఇప్పుడు నా ఛాతీ దాకా వచ్చాయి. వానలు తగ్గాక ఆ మూడు తీగలనే ముక్కలు చేసి నాటాలి. ఆకు చేతికి రావడానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది. ఈసారి కూడా గాలివాన వస్తే ఏం చేస్తామో నాకు తెలియదు. ఆలోచించడానికి కూడా అలుపుగా ఉంది.

నిన్న ఆవిడ డబ్బాలోంచి ఇనుప గోరు తీసి తొడుక్కుని చూసుకుంది. అది వేలి మీద నిలవకుండా జారి మట్టిలో పడింది. ఈ ఏడాదిలో చెయ్యి అంత చిక్కిపోయిందని నేను చూడనే లేదు. ఆవిడే గోరు వెతికి తీసి, కొంగుతో తుడుచుకుని, వేలికి దారం చుట్టమని నా ముందు చెయ్యి చాపింది. రెండు చుట్లు చుట్టి ముడి వేయబోయాను.

"ఇంకో నాలుగు చుట్లు చుట్టండి," అంది. "తోట చేతికొచ్చేసరికి గోరు ఇంకా వదులవుతుంది కదా."